సంగటి తిన్న ఫోటో

నాటుబాంబు శబ్దం వింటే చాలు, అది ఏ ఊళ్ళో చుట్టినదో, ఏ వర్గం చేతిలోంచి పడిందో చెప్పగల చెవులు జమ్మలమడుగు చుట్టుపక్కల ఒక్కడికే ఉన్నాయి. ఆ ఒక్కడే ఈ కథ చెబుతున్నవాడు. కాబట్టి పాఠకులు ధైర్యంగా నమ్మవచ్చు.

ఆదెన్న గొర్రెల కాపరి. కోతలయ్యాక రైతుల పొలాల్లో మంద దించుతాడు. పెంటికలు భూమికి ఎరువు. మంద దిగిన మరునాడు పొద్దున ఆ రైతే స్వయంగా సంగటి తెచ్చి, కాపరి పక్కన గట్టు మీద కూర్చుని తినాలి. అది అక్కడి ఆచారం. ఊరు సుంకిరెడ్డి వర్గమనీ, చిన్నప్పరెడ్డి వర్గమనీ చీలిపోయి, ఒకరి గడప ఒకరు తొక్కని రోజుల్లో కూడా మందకు వర్గం లేదు. ఇద్దరి చేలలోనూ దిగేది. “గొర్రెకు ఓటుందా మామా?” అని ఆదెన్న నవ్వేవాడు. అతని భార్య తిరుపాలమ్మ మాత్రం ఎన్నికలొచ్చినప్పుడల్లా నవ్వేది కాదు.

ఆమె భయం నిజమైంది. చిన్నప్పరెడ్డి, ఆదెన్న ఒకే గట్టున సంగటి తింటుండగా దారిన పోయేవాడెవడో ఫోటో తీశాడు. ఆ వారమే పులివెందుల దారిలో సుంకిరెడ్డి జీపు మీద బాంబులు పడ్డాయి. సుంకిరెడ్డి బతికాడు. డ్రైవరు మొండెం మాత్రం స్టీరింగు మీదే ఉండిపోయింది. ఆ సాయంత్రానికి ఫోటో సుంకిరెడ్డి మనుషుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. కింద ఒక మాట: “జీపు పోయే దారి చెప్పింది వీడే.”

తెల్లవారేసరికి అది ఆదెన్న ఫోనుకూ చేరింది. తిరుపాలమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని స్టేషనుకు పోయింది.

“పరువు నష్టమంటే మేం కేసు కట్టేది కాదమ్మా. కోర్టులో ప్రైవేటు కేసు వేసుకోండి,” అన్నాడు ఎస్సై.

“కోర్టు ఎప్పుడు చెప్తాది సార్?”

“ఏండ్లు పడుతుంది.”

“కొడవలికి అంతసేపు పట్టదు సార్.”

“చంపుతామని దీంట్లో యాడన్నా రాసినారా?” అని ఎస్సై ఫోను వెనక్కిచ్చాడు.

అక్కణ్ణుంచి ఆ గ్రూపు నడిపే ఓబులేసు ఇంటికి వెళ్ళింది. “నాయనా, నీ పెండ్లికి పొట్టేలు తెచ్చిచ్చింది ఈయప్పే గదా. తీసెయ్ నాయనా.”

“నేను తీసేస్తే ఏం లాభం అత్తా? నాకొచ్చింది, నేను పంపినా. ఈపాటికి ప్రొద్దుటూరు దాటి మైదుకూరు దాకా పోయింటాది. యాడ పుట్టిందో నాకేం తెల్సు?”

ఆ మధ్యాహ్నమే, ఇద్దరూ మంద దగ్గరికి తిరిగొచ్చేసరికి, బాంబు పేలింది. ఈ కథకుడి ప్రసిద్ధమైన చెవులు అది ఎవరిదో పెళ్ళి టపాసు అని తేల్చాయి. రెండోది పేలేసరికి ఆ చెవుల యజమాని మంచం కిందున్నాడు.

పొగలో గొర్రెలు కడుపులు చీలి కొట్టుకుంటున్నాయి. ముసుగులవాళ్ళు కొడవళ్ళతో మందలోకి దిగారు. “ఒక్క మాట వినండప్పా!” అని ఆదెన్న చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి మణికట్టు దగ్గర తెగి గొర్రెల కాళ్ళ మధ్య పడింది. రెండో వేటు భుజంలో దిగింది. తిరుపాలమ్మ మొగుడి మీద అడ్డంగా పడింది. “ఆయప్ప తిన్నది సంగటిరా! సంగటి తింటే నరుకుతారా?” ఆమె వీపు మీద కొడవలి గీత పడింది.

వాళ్ళు వెనక్కి తగ్గారు. ఆమె తన చీర తానే లాగి, చించి, మొగుడి నెత్తురు కారే చేతికి బిగించి కట్టింది. అప్పుడు వాళ్ళలో ఒకడు ఫోను ఎత్తాడు. ఒంటి మీద గుడ్డ నిలవని ఆ ఇల్లాలు, ఉన్నది ఉన్నట్టుగా, పొద్దుగూకేలోగా ఫోన్లలో జిల్లా అంతా తిరిగింది.

జీపు దారి చెప్పింది సుంకిరెడ్డి సొంత బామ్మర్ది అని తర్వాత పోలీసులే తేల్చారు. ఆ నిజాన్ని ఎవరూ ఎవరికీ పంపలేదు.

ప్రొద్దుటూరు ఆసుపత్రికి వకీలు లీలమ్మ వచ్చింది. మిషను బడిలో చదివి, అక్కడే పంతులమ్మగా చేసి, ఆ తర్వాత నల్లకోటు వేసుకున్న మనిషి.

“పేపరోడు తప్పు రాస్తే అచ్చేసినోడి పేరు అడుగునే ఉంటాది, పోయి గల్లా పట్టుకుంటాం,” అంది. “మన చట్టం ఆ పేపరును చూసి రాసింది. ఫోన్లో పుట్టినదానికి ఊరూ లేదు, పేరూ లేదు. ప్రాణం మీదికొచ్చే అబద్ధాన్ని ఆ పొద్దే ఆపల్ల. తెలిసీ ముందుకు తోసినోడు జవాబు చెప్పల్ల. అబద్ధం పోయిన ప్రతి ఫోనుకూ నిజం పోవల్ల. ఆడమనిషి మానాన్ని ఫోటో తీసి తిప్పినోడు, కొడవలి పట్టినోడి పక్కనే బోనులో నిలబడల్ల.”

“ఇదంతా ఇప్పుడు ల్యాదా మా?” అంది తిరుపాలమ్మ.

“ముక్కలు ముక్కలుగా ఉండాది. నీ కాడికొచ్చేలోగా చెయ్యి తెగుతాది.”

మంచం మీంచి ఆదెన్న మూలిగాడు. “అట్లాంటి చట్టం రెడ్ల చేతికి పోతే, నిజం చెప్పినోళ్ళ నోళ్ళు కుట్టరా మా?”

“కుడతారు ఆదెన్నా. అందుకే ఆపమనే మాట జడ్జి నోట్లోంచే రావల్ల. అదీ కారణం రాసి.”

ఆమె మాట ముగించేసరికి ఓబులేసు లోపలికొచ్చాడు. మంచం పట్టె పట్టుకుని ఏడ్చాడు. అక్కడే ఫోను తీసి, “ఆదెన్న తప్పేమీ లేదు, పంపిన తప్పు నాది” అని గ్రూపులో పెట్టాడు.

పాఠకులారా, ఓబులేసు రావడం ఒక్కటే నేను కల్పించాను. అతడు రాలేదు, ఆ మాట పెట్టనూ లేదు. తెగిన చేతికీ, చిరిగిన చీరకూ, ఈ పొద్దుకీ తిరుగుతున్న ఆ ఫోటోలకూ నేను చేర్చిందేమీ లేదు. అంతటి ఘోరంలో క్షమాపణ ఒక్కటే కథకుడు కల్పించవలసి వచ్చిందంటే, దాన్ని నిజంగా రప్పించే చట్టాన్ని మనమింకా రాసుకోలేదనే అర్థం.