నెత్తిన తట్ట ఉన్నవాణ్ని ఎవరూ అడగరు

మా తమ్ముడు ఆశీర్వాదానికి ఫ్లెక్సీల పిచ్చి ఉందని లక్సెట్టిపేటలో తెలియనివాళ్లు లేరు. వాడికి టెంట్ హౌస్ ఉంది, ఎప్పటికైనా కౌన్సిలర్ కావాలనే ఆశా ఉంది. ఎవరి పిల్ల పదో తరగతి పాసైనా, ఎవరు కొత్త ట్రాక్టర్ కొన్నా చౌరస్తాలో ఫ్లెక్సీ లేస్తుంది. అందులో ఒక మూల వాడి ఫొటో ఉండాల్సిందే. అలాంటివాడు ఏడేళ్ల తర్వాత దుబాయి నుంచి బావ వస్తుంటే ఊరుకుంటాడా?

మా దిక్కు ఏ అరబ్బు దేశానికి పోయినా దుబాయి పోయాడనే అంటారు. నా భర్త జాన్సన్ పోయినప్పుడు మా కూతురు స్తుతి ఇంకా నా చంక దిగలేదు. ఇప్పుడు నాలుగో తరగతి. తండ్రిని ఫోన్లో చూసిందే తప్ప ఎదురుగా చూసిన జ్ఞాపకం లేదు దానికి.

శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు నేనూ తమ్ముడూ కారు మాట్లాడుకుని వెళ్లాం. ఒక్క సంచితో బయటికొచ్చాడు. బక్కగా, నల్లగా, నవ్వీ నవ్వనట్టు ఉన్నాడు. కారులో కిటికీ పక్కన కూర్చోమంటే వద్దని మధ్యలో కూర్చున్నాడు. దారి పొడుగునా నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆయన ఊఁ కొడుతూనే ఉన్నాడు. ఇంటికి చేరితే అన్నీ అవే సర్దుకుంటాయని నేను గట్టిగా నమ్మాను.

చౌరస్తా దగ్గర తమ్ముడు కారు ఆపించాడు. "బావా, జర గటు సూడు!"

చూశాడు. పాత పాస్‌పోర్టు ఫొటోను గోడంత చేసి పెట్టాడు మావాడు. కింద పేరు, ఊరు, తండ్రి పేరు, 'హృదయపూర్వక స్వాగతం'. పక్కన తను చేతులు జోడించి నిలబడ్డ ఫొటో, అది బావ ఫొటో కన్నా కొంచెం పెద్దది.

"ముఖం పెట్టిండ్రా?" అన్నాడు నా భర్త. "పేరు గూడ రాసిండ్రా?"

తమ్ముడు మురిసిపోతూ, "రాయకుంటే ఎట్ల బావా?" అంటుండగానే ఈయన సంచి పట్టుకుని నన్ను దాటుకుని, తలుపు తీసుకుని దిగి, రెండు దుకాణాల మధ్య సందులోకి వెళ్లిపోయాడు. ఒంటేలుకేమో అనుకున్నాం. ఎంతసేపటికీ రాలేదు.

ఆ పూటంతా వెతికాం. ఇంటి దగ్గర మా అత్త ప్రేమమ్మ కొడుకు కోసం నాటుకోడి కూర వండి ఎదురుచూస్తోంది. స్తుతి గౌను మార్చుకుని గేటు పట్టుకుని నిలబడింది. నేను గోదారి దాకా పోయి వచ్చాను. ఏ ఆలోచనతో అటు పోయానో చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు.

చివరికి ఆయన దొరికింది ఎక్కడో తెలుసా? సందు వెనక ఒక కొత్త ఇంటికి స్లాబ్ పోస్తున్నారు. కాంక్రీటు కలిపే మిల్లర్ గరగర తిరుగుతోంది, కూలీలు వరసగా కంకర మాల్ తట్టలు మోస్తున్నారు. ఆ వరసలో ఈయన. నా కోసం కొన్నానని కారులో చూపించిన చీర ఉన్న సంచి ఇటుకల మీద ఉంది. కొత్త చొక్కా నిండా సిమెంటు. నెత్తిన తట్ట పెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్నవాడిలా నడుస్తున్నాడు.

మాలో భార్య భర్తను పేరు పెట్టి పిలవదు. "ఓ స్తుతి బాపూ!" అని అరిచాను. తిరగలేదు. తమ్ముడు "జాన్సన్ బావా!" అన్నాడు. అప్పుడూ తిరగలేదు. మేస్త్రీ మా వైపు వచ్చి, "ఎవల కోసమక్కా? గాయనా? గాయన పేరు గోపాల్ అన్నడు గదా. మనిషి తక్కువ పడ్డడు, పని కావాల్నంటే తట్టిచ్చిన," అన్నాడు. వెనక్కి తిరిగి కేకేశాడు. "ఓ గోపాల్! నీ కోసం వచ్చిండ్రు!"

ఆయన ఠక్కున ఆగి తిరిగాడు.

నా మొగుడు నా పిలుపుకు పలకలేదు, తన పేరుకు పలకలేదు, ఎవరిదో పేరుకు పలికాడు.

ఆ పేరు వెనక సంగతి తర్వాత కొంచెం కొంచెంగా చెప్పాడు. పోయిన కొత్తలోనే కంపెనీ పాస్‌పోర్టు తీసి పెట్టుకుంది. కొన్నాళ్లకు జీతం ఆపేసింది. అడిగితే రేపు మాపు అన్నారు. తిండికి లేక ఇంకో చోట పనికి పోయాడు. అక్కడి చట్టం ప్రకారం ఎవరి వీసా మీద వచ్చినవాడు వాళ్ల దగ్గరే చెయ్యాలట. జీతం ఎగ్గొట్టినవాడు పోయి పారిపోయాడని కేసు పెడితే చాలు, కష్టం చేసినవాడు దొంగవుతాడు. అలాంటివాళ్లను ఖల్లివెల్లి అంటారు. పోలీసులకు దొరికితే జైలు, దొరక్కుంటే దాక్కుని బతకడం. జ్వరమొచ్చినా దవాఖానకు పోలేదు. అద్దె గదిలో గోపాల్ అని చెప్పుకున్నాడు. పోలీసు బండి వస్తే రోడ్డు మీద ఊరికే నిలబడ్డవాణ్ని కార్డు అడుగుతారు.

"నెత్తిన తట్ట ఉన్నోన్ని ఎవ్వలడగరు," అన్నాడు నాతో. "పని చేసేటోనికి సేటుంటడు గదా అనుకుంటరు. గందుకే బండి కనబడితే యాడ తట్ట దొరికితే ఆడ ఎత్తుకునేది."

కడపటికి అక్కడి సర్కారు క్షమాభిక్ష పెట్టింది. ఖల్లివెల్లి వాళ్లంతా జరిమానా లేకుండా ఇళ్లకు పోవచ్చని చెప్పి, కంపెనీ దగ్గరున్న పాస్‌పోర్టు ఇప్పించి, వేలిముద్రలు తీసుకుని పంపించింది. క్షమాభిక్ష! ఆదివారం ఆదివారం ప్రార్థనలో మా అపరాధములు క్షమించుమని అడిగేదాన్నే నేను. కానీ ఈ మనిషి చేసిన అపరాధమేంటో ఎంత ఆలోచించినా నాకు దొరకదు. జీతం తిన్నవాణ్ని ఎవరూ ఏమీ అనలేదు, ఆకలైనవాణ్ని క్షమించి పంపారు!

ఇల్లు చేరినా దాక్కోవడం ఆగలేదు. రెండు తలుపులూ కనబడే మూలలోనే కూర్చునేవాడు. చెప్పులు మంచం పక్కనే. పాస్‌పోర్టు ప్లాస్టిక్ కవరులో మొలకు కట్టుకునేవాడు. మున్సిపాలిటీ చెత్త బండి పాట పెట్టుకుని వస్తే దొడ్లోకి పోయేవాడు. బయట ఎండలు ఇంకా తగ్గలేదు, ఆయన మాత్రం కిటికీ తెరవనిచ్చేవాడు కాదు.

ఊరి నోరు ఊరుకోదు కదా. ఏం చేసి వచ్చాడో అన్నారు. బడిలో ఎవరో అన్నారట, ఒకరోజు స్తుతి పుస్తకాల సంచి దించకుండానే నన్ను అడిగింది. "అవ్వా, బాపు దొంగనా?"

దాని వీపు మీద ఒకటి వేద్దామని లేచిన చెయ్యి మధ్యలోనే ఆగింది. ఆయన వింటున్నాడు. లేచి దొడ్లోకి పోయి కోళ్ల గూడు దగ్గర కూర్చున్నాడు.

మంచిర్యాలలో డాక్టరమ్మ అలేఖ్య దగ్గరికి తీసుకుపోయాను. "పిచ్చా అమ్మా?" అని నేనే ముందు అడిగేశాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఏడేండ్లు భయపడి ఉరికిండు కాబట్టే దొరకకుండా బతికిండు. ఇప్పుడు భయం అవసరం లేదని మనకు తెలుసు, ఆయన ఒంటికి ఇంకా తెల్వది. మందులిస్త. మీరు నవ్వకుండ్రి, బలవంతం చెయ్యకుండ్రి. తొందరపెట్టకుండ్రి," అంది. మా అత్త మాత్రం బయటికి రాగానే, "మందులు మందులే, ప్రార్థన ప్రార్థనే," అని కొడుకు నెత్తిన చెయ్యి పెట్టింది. రెండూ కానిచ్చాం.

తమ్ముడు బావ దొరికిన రోజే ఫ్లెక్సీ దించి తెచ్చాడు. ఏడుపు ముఖంతో, "అక్కా, నేను మంచికే జేసిన," అన్నాడు. వాణ్ని తిట్టడానికి కూడా ఓపిక లేదు నాకు. వానకు కోళ్ల గూడు కారుతోందని దాని మీద కప్పాం. జాన్సన్ ముఖం లోపలికి మడిచాను. కాబోయే కౌన్సిలర్ గారి ముఖం కోళ్లకు కాపలాగా పైన మిగిలింది.

ఆ గూట్లో ఒక నల్ల పెట్ట ఉంది. కొడుకు క్షేమంగా వస్తే కోత పండుగకు ఇస్తానని మా అత్త మొక్కుకున్న కోడి. పెంచింది స్తుతి. దానికి బొగ్గు అని పేరు పెట్టింది. ఆయన దొడ్లో కూర్చుంటే అది వచ్చి ఆయన మోకాళ్ల దగ్గర చేరేది. అది ఏమీ అడగదు కదా. స్తుతి కూడా మెల్లగా అక్కడికి చేరింది. మొదట్లో తండ్రికి ఎడంగా, కోడికి దగ్గరగా కూర్చునేది. తర్వాత ఇద్దరూ నూకలు ఒకే గిన్నెలోంచి వేసేవారు. బాపూ అని మాత్రం ఇంకా పిలవలేదు. ఆ ఒక్క మాట కోసం ఆయన ఎంత కాచుకున్నాడో నాకు తెలుసు.

కోత పండుగ వచ్చింది. ఆ రోజు మా చర్చిలో ఎవరి పొలంలో పండింది వాళ్లు తెస్తారు. వడ్లు, మక్కలు, గుమ్మడికాయలు, కోళ్లు. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేస్తారు. మైకు ఎప్పుడూ మా తమ్ముడిదే. పాట పాడినవాడు లేచి తన పేరు చెప్పాలి, దాన్ని మైకులో మూడుసార్లు పిలుస్తారు. పేరు చెప్పకపోతే ఆ పాట చెల్లదు. మా తాతల నాటి నుంచి ఇదే పద్ధతి.

నేను ఆయన్ని రమ్మనలేదు. కానీ తెల్లారేసరికి మంచం ఖాళీగా ఉంది. చర్చికి పోయి చూస్తే వెనక వంటల దగ్గర బియ్యం బస్తా భుజాన మోస్తూ కనిపించాడు. మళ్లీ తట్టే, మళ్లీ ఎవరూ అడగకుండా ఉండే ఉపాయమే. అయినా వచ్చాడు కదా, అదే చాలనుకున్నాను.

బొగ్గు వంతు వచ్చింది. స్తుతి దాన్ని ఎత్తుకుపోయి మేనమామ చేతికిచ్చి, నా ఒళ్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. హోటల్ నడిపే ఆయన పాట మొదలుపెట్టాడు. ఆయన కొంటే అది సాయంత్రానికి బిర్యానీయే. నా కొంగున ఉన్నంతా పెట్టి నేను పాడాను, హోటలాయన నవ్వుతూ పైకి పాడాడు. ఇక నా దగ్గర లేదు.

"ఇంక ఎవలన్న ఉన్నరా? ఒకటోసారి..." అన్నాడు తమ్ముడు మైకులో.

"ఇంకో వంద," అన్నారెవరో వెనక తలుపు దగ్గర. గొంతు చిన్నగా ఉంది.

అందరూ తిరిగి చూశారు. తలుపు చాటున, తలపాగా మీద బియ్యం పిండి దుమ్ముతో ఆయన. ఇన్ని ముఖాలు ఒక్కసారి తన వైపు తిరిగేసరికి అడుగు వెనక్కి పడింది. బావ అని తమ్ముడికి తెలియదా? తెలుసు. మైకు పక్కకు పెట్టి ఊరుకుందామనుకున్నాడేమో, నా వైపు చూశాడు. నేనేం చెప్పను? పేరు లేకుండా పాట చెల్లదు, పేరు అడిగితే ఈయన నిలవడు. హోటలాయన గొంతు సవరించుకున్నాడు.

స్తుతి నా ఒళ్లోంచి తలెత్తింది. "బాపూ, పేరు చెప్పవా," అంది ఏడుస్తూనే. "బొగ్గు పోతది."

ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"జాన్సన్," అన్నాడు. "స్తుతి బాపును."

అప్పుడు మా తమ్ముడు, ఆ ఫ్లెక్సీల వెధవ, మైకు దగ్గరికి తీసుకుని ఏడుపు గొంతుతో పిలిచాడు. జాన్సన్ ఒకటోసారి, జాన్సన్ రెండోసారి, జాన్సన్ మూడోసారి. పిలిచిన ప్రతిసారీ ఆయన భుజాలు ఉలిక్కిపడడం నాకు కనబడుతూనే ఉంది. కాళ్లు రెండుసార్లు తలుపు వైపు తిరిగాయి.

కానీ స్తుతి అప్పటికే కోడిని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టి, పోకుండా చొక్కా పట్టుకుంది. ఆయన వణుకుతూ అక్కడే నిలబడ్డాడు.