గ్లాసు అడుగున కాఫీ

క్యాథరిన్ పోయిన రోజు, తాడేపల్లిగూడెంలో ఆమె వంటింట్లో పప్పు ఇంకా పొయ్యి మీదే ఉంది. అంతకు కొన్నాళ్ల ముందు నుంచీ దవడ లాగుతోందంటే ఇంట్లో అందరూ గ్యాసన్నారు. ఆమె కూడా అదేననుకుని జీలకర్ర నీళ్లు తాగి, క్యారేజీలు సర్ది, అక్కడే కూలబడిపోయింది. సమాధి దగ్గర పాస్టరుగారు ఆమె ఓర్పు గురించి చెప్పారు. ఆ మాట దగ్గర చెల్లెలు ప్రభావతికి ఏడుపు ఆగిపోయింది.

ఏడాది తిరక్కుండా అదే లాగుడు ప్రభావతికి మొదలైంది. తను పాఠాలు చెప్పే దెందులూరు బడిలో మెట్లెక్కి తరగతికి వెళ్లేసరికి దవడ పట్టేసేది. ఏలూరులో డాక్టరుకి చూపించుకుంటే, ఈసీజీ బాగానే ఉంది కానీ గుండె కండరానికి రక్తం ఎలా అందుతోందో స్కాన్ తీయించుకోమని విజయవాడ రాశాడు. ఆమెకి మోకాళ్ల నొప్పులు కనుక, అందరిలా ట్రెడ్‌మిల్ మీద నడిపించి తీయరు. దాని బదులు ఒక మందు ఎక్కించి తీస్తారు. ముందురోజు నుంచి కాఫీ, టీ ముట్టుకోవద్దని మరీమరీ చెప్పాడు.

గ్యాసుకి బెజవాడ దాకా ఎందుకని భర్త ఏసుకుమార్ రైల్లో కూడా అంటూనే ఉన్నాడు.

ఆస్పత్రిలో టెక్నీషియన్ అమ్మాయి అడిగింది. "కాఫీ, టీ ఏమైనా తాగారా అమ్మా?"

లేదనబోయి ప్రభావతి ఆగిపోయింది. పొద్దున అత్తగారికి మధ్యాహ్నం వంట కూడా చేసిపెట్టి, ఆవిడ గ్లాసు కడగబోతూ, అడుగున మిగిలిన కాఫీ సింకు దగ్గర నిలబడే గొంతులో పోసుకుంది. ఆ ఇంట్లో మిగిలింది పారబొయ్యరు. పెళ్లైన నాటి నుంచీ అది తన పనే. తాగుతున్నట్టు కూడా తెలియలేదు.

"గుక్కెడుకి ఏమవుతుంది? లేదని చెప్పెయ్యి," అన్నాడు ఏసుకుమార్ చెవి దగ్గర.

"అలా చెప్పకండి," అంది ఆ అమ్మాయి. "కాఫీ ఉంటే మందు సరిగ్గా పనిచెయ్యదు. జబ్బున్నా లేనట్టే పడొచ్చు ఫొటో."

లేనట్టే పడిన ఫొటో. దాన్ని ఏసుకుమార్ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపిస్తాడు, నేను ముందే చెప్పాగా అంటాడు. తను జీలకర్ర నీళ్లు తాగుతుంది. పాస్టరుగారి దగ్గర ఆ ఓర్పు మాట సిద్ధంగానే ఉంటుంది.

"తాగానమ్మా," అంది.

ఆ రోజుకి స్కాన్ ఆపేసి, మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు. వరండాలోకి రాగానే ఏసుకుమార్ విసుక్కున్నాడు.

"ఒక్కపూట నోరు కట్టుకోలేవా?"

"అది మీ అమ్మగారి ఎంగిలండీ."

అతను ఫోన్లో రైళ్ల టైములు చూశాడు. తర్వాత, సాయంత్రం బండికి ఇంటికెళ్లిపోదామన్నాడు. కుదిరినప్పుడు మళ్లీ రావచ్చట; అమ్మకి రాత్రికి ఎవరు పెడతారు?

"మీరు వెళ్లండి. టీచర్ ట్రైనింగులో నాతో చదివిన క్రిస్టినా ఇక్కడే ఉంటోంది. వాళ్లింట్లో ఉంటాను."

"పొద్దున కాఫీ?"

"పొడి ఎర్రమూత డబ్బాలో ఉందండీ."

అతను వెళ్లాక ప్రభావతి బెంచీ మీద కూర్చుంది. దవడ మళ్లీ లాగుతోంది. క్యాథరిన్‌కి ఏ స్కానూ తీయలేదు. తనకి ఇంకా తీయాలి.