నాలుగు వేళ్ల గుర్తులు

శ్రీకాళహస్తిలో సమీవుల్లా కలంకారీ షెడ్డు వెనక, రాగి కొప్పెరలో ఎర్రరంగు నీళ్లు కుతకుత ఉడుకుతున్నాయి. యశోదమ్మ పొడుగాటి కర్రతో గుడ్డల్ని అడుగు నుంచి పైకి తిప్పుతోంది. ఆమె తీసి ఇచ్చిన ఒక్కో గుడ్డనూ జైతున్‌బీ సిమెంటు తొట్టిలో జాడించి, మిగులు రంగు వదిలేదాకా బండకేసి కొడుతోంది. పొద్దున ఎనిమిదింటికి వంగిన నడుము ఇంకా లేవలేదు. స్వర్ణముఖిలో నీళ్లుంటే పారే ఏరే ఈ పనిలో సగం చేసిపెట్టేది. ఇప్పుడు ఏట్లో ఇసుక తప్ప మరేమీ లేదు. తొట్టి నీళ్లు మూడుసార్లు మార్చాలి. కూలి మాత్రం అదే మూడువందల యాభై.

తొమ్మిదేళ్లుగా ఆ ఇద్దరూ ఎదురెదురుగా పని చేస్తున్నారు. ఆ రోజు మాత్రం జైతున్‌బీ యశోదమ్మ ముఖంలోకి చూడలేదు.

"ఏందిమే, పొద్దున్నించి నోరు తెరవకుండా ఉండావు? ఒంట్లో బాగలేదా?"

"ఏం లేదక్కా."

లేకపోవడమేమిటి! పొద్దున కూతురు నిలోఫర్ జడ వేసుకోడానికి చేతులెత్తినప్పుడు చొక్కా చెయ్యి జారింది. ఎడమ మణికట్టు మీద నల్లగా కమిలిన నాలుగు వేళ్ల గుర్తులు. గీసుకుపోయింది కాదు, పడితే తగిలిందీ కాదు. ఎవరో గట్టిగా పట్టుకున్న పట్టు. అడిగితే, "ఆటలో తగిలిందిలే అమ్మీ," అని పిల్ల చెయ్యి వెనక్కి పెట్టుకుంది. దెబ్బ కన్నా ఆ దాచుకోవడమే జైతున్‌బీని ఎక్కువ భయపెట్టింది.

పదో తరగతి పిల్ల. నెల రోజులుగా కబడ్డీ అంటూ హైస్కూలు గ్రౌండు నుంచి ఆరు దాటాక ఇంటికి వస్తోంది. ఆడపిల్లలే చేరి ఆడుకుంటున్నారని జైతున్‌బీ అనుకుంది. మొన్న పక్క వీధి ఆవిడ ఫోన్లో వీడియో చూపించింది. దుమ్ములో నిలోఫర్, ఆమె నడుము పట్టుకుని వెనక్కి లాగుతున్న మగపిల్లవాడు. చూపించిన ఆవిడ నవ్వుతూ, "మీ పాపేనా?" అని అడిగింది. తెలియక అడిగింది కాదు. ఆ మగపిల్లవాడు యశోదమ్మ కొడుకు భానుచందర్.

ఏటా రంజాన్‌కు తమ ఇంటికి వచ్చి సేమ్యా పాయసం తాగిపోయే పిల్లవాడే. అయినా ఇప్పుడు మూతి మీద మీసం మొలుస్తోంది. తల్లికి ఇదంతా తెలుసా? తెలిసే ఏమీ ఎరగనట్టు పలకరిస్తోందా? మొగుడు హజరత్ వలితో చెబుదామంటే, అతను సూళ్లూరుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో కాపలా పనిలో ఉన్నాడు, ఆదివారం గానీ రాడు. ఫోన్లో చెబితే ముందు మాన్పించేది చదువే.

మూడు గంటలకు జైతున్‌బీ సమీవుల్లా దగ్గరికి వెళ్లి పూట సెలవడిగింది. సెలవంటే కూలి కోసి, పైన నాలుగు మాటలనే మనిషి ఆయన. స్కూలు కమిటీలోనూ ఉన్నాడు. ఎందుకని అడిగాడు. చెప్పకూడదనే అనుకుంది. కానీ నోరు ఆగలేదు.

"పాప సేతి మీద గుర్తులుండాయి భాయ్. గ్రౌండులో మొగపిల్లకాయలు గూడా ఆడతా ఉండారంట. ఆ భానుచందర్ మీద నాకు అనుమానంగా ఉండాది."

"భానుచందరా? మన యశోదమ్మ కొడుకా?" సమీవుల్లా కళ్లజోడు తీసి, ఆ పేరు ఆమె చేత ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "పో, పోయి సూసుకో. కూలి కొయ్యనులే," అన్నాడు.

ఆ మంచితనం ఎక్కణ్నుంచి పుట్టిందో ఆమెకు అంతుపట్టలేదు.

గ్రౌండు ప్రహరీ ఒకచోట కూలి ఉంది. జైతున్‌బీ బురఖా సర్దుకుని ఆ సందు పక్కన నిలబడింది. లోపల ఆడపిల్లలు ఐదుగురే. మిగిలినవాళ్లంతా మగపిల్లలు. మధ్యలో ఈల పట్టుకుని ఆటల టీచరు మోహన నిలబడి ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. పొట్టి క్రాపు, ట్రాక్ ప్యాంటు. ఎట్లాంటి మనిషో అనుకుంది జైతున్‌బీ.

నిలోఫర్ కూత పెట్టి గీత దాటింది. అవతలి పక్క నుంచి భానుచందర్ ఒక్కసారిగా నేల మీద పడి ఆమె చీలమండ పట్టుకున్నాడు. జైతున్‌బీ అరవబోయింది. అరుపు బయటకు వచ్చేలోగానే నిలోఫర్ బోర్లా పడి, కూత వదలకుండా పాకి, చేతి వేలితో గీత అందుకుంది. భానుచందర్ వెంటనే చెయ్యి తీసేశాడు. లేచి, "నేను ఔట్," అంటూ తల మీది దుమ్ము దులుపుకుని బయటికి నడిచాడు. అంతే. ఇంకేదైనా ఉందేమోనని జైతున్‌బీ కళ్లు చికిలించి చూసింది. ఇంకేమీ లేదు.

తర్వాత కూతకు వచ్చింది సమీవుల్లా కొడుకు ఆఫ్తాబ్. నిలోఫర్ వంగి వాడి తొడలు రెండూ చుట్టేసి, ఎత్తి పడేసింది. ఈల మోగింది. అందరూ గొల్లుమని నవ్వారు. ఆఫ్తాబ్ లేచాడు. ఆట ఆగిపోయాక, నిలోఫర్ వెనక్కి తిరిగి నడుస్తుంటే, ఎడమ మణికట్టు దొరకబుచ్చుకుని మెలిపెట్టాడు. సరిగ్గా అదే చోట.

మోహన పరుగెత్తుకొచ్చి వాడి చెయ్యి విడిపించింది. "ఈల ఏసినాక సెయ్యి పడితే అది ఆట కాదురా. నిన్నా ఇదే పని సేసినావు, ఊరికే బయట కూసోబెట్టి వదిలేసినా. ఇంక నువ్వు నా గ్రౌండుకి రావద్దు."

వాడు వెళ్లిపోతూ చూసిన చూపు టీచరు మీద కాదు, నిలోఫర్ మీద.

మోహన గోడ పక్కన ఉన్న మనిషిని గమనించింది. "నిలోఫర్ వాళ్లమ్మే కదా? ఆడ నిలబడినారేమ్మా, లోపలికి రాండి."

జైతున్‌బీ వచ్చింది. వచ్చీ రాగానే అడిగింది. "మొగపిల్లకాయలతో ఎందుకాడిస్తావుమ్మా ఆడపిల్లల్ని?"

"ఏడుగురైతేనే జట్టు. ఉండేది ఐదుగురు. వచ్చే వారం తిరుపతిలో సెలక్షన్లు. ఆడికి వడమాలపేట పిల్లోళ్లు వస్తారు, పట్టినారంటే వదలరు. గట్టిగా పట్టేవాళ్లతో ఆడితేనే తప్పించుకునేది వస్తాది." మోహన ఈల జేబులో పెట్టుకుంది. "రోజూ వచ్చి కూసోండమ్మా. మీరు సూస్తా ఉంటే నాకూ మంచిదే."

"నీకేంది మంచిది?"

"ఆఫ్తాబ్ వాళ్ల నాయన కమిటీలో ఉండాడు. కొడుకు ఆడపిల్ల సేతిలో పడిన వీడియో ఇంకోటి ఊరంతా తిరగతా ఉండాది. నిన్న వాణ్ణి బయట కూసోబెట్టినాక ఆయన నాకు ఫోన్ సేసి ఒకటే మాటన్నాడు. ఎన్నాళ్లుంటావో సూస్తాను అని."

ఇంటి దారిలో జైతున్‌బీ అడిగింది. "నిన్ననే నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే నువ్వు పోయి ఆఫ్తాబ్ వాళ్ల నాయన్ని అడుగుతావు. నీ పని పోతాది. లేకుంటే నా ఆట మాన్పిస్తావు. రెండూ నాకొద్దు." నిలోఫర్ ఆగి తల్లి ముఖంలోకి చూసింది. "నువ్వెవురనుకున్నావు అమ్మీ?"

జైతున్‌బీ తల తిప్పుకుని అడుగు ముందుకు వేసింది.

మరునాడు పదకొండు గంటలకు సమీవుల్లా తానే తొట్టి దగ్గరికి వచ్చాడు. చెప్పులు తడుస్తాయని ఆయన ఏనాడూ ఆ తడిలోకి దిగేవాడు కాదు. చేతిలో టైపు చేసిన కాగితం. యశోదమ్మకు అర్థం కాకూడదని కాబోలు, గొంతు తగ్గించి ఉర్దూలో మాట్లాడాడు. ఇది మన ఆడపిల్లల మర్యాదకు సంబంధించిన సంగతి, నువ్వేమీ చెయ్యక్కర్లేదు, ఊరికే సంతకం పెట్టు, తక్కినదంతా కమిటీ చూసుకుంటుంది, ఆ టీచరు ఈ ఊళ్లో ఉండదు అన్నాడు. వచ్చే నెల నుంచి కూలి కూడా పెంచుతానన్నాడు.

జైతున్‌బీ ఐదో తరగతి దాకా తెలుగు చదువుకుంది. ఎర్రబడ్డ చేతులు కొంగుకు తుడుచుకుని కాగితం తీసుకుంది. "చదవడమెందుకు," అంటున్నా వినకుండా అక్షరం అక్షరం కూడబలుక్కుంది. మోహన అనే వ్యాయామ ఉపాధ్యాయిని ప్రోద్బలంతో, భానుచందర్ అను విద్యార్థి నా కుమార్తె చేయి పట్టుకొని అసభ్యముగా ప్రవర్తించినాడు. ఆఫ్తాబ్ పేరు ఎక్కడా లేదు.

ఆమె ఆ వాక్యం రెండోసారి చదివింది. ఇది ఆయన ఒక్కడే రాసింది కాదు. సగం తాను అందించిందే. నిన్న ఆయన తన చేత భానుచందర్ పేరు రెండుసార్లు ఎందుకు చెప్పించుకున్నాడో, కూలి ఎందుకు కొయ్యలేదో ఇప్పుడు తెలిసింది.

సమీవుల్లా పెన్ను మూత తీసి అందించాడు. జైతున్‌బీ కాగితాన్ని వెనక్కి ఇచ్చేసింది. ఉర్దూలో కాదు, తెలుగులో, షెడ్డంతా వినపడేటట్టు అంది.

"సంతకం పెట్టను భాయ్. నా బిడ్డ సెయ్యి మెలిపెట్టింది మీ ఆఫ్తాబ్. ఈల ఏసినాక మెలిపెట్టినాడు. నా కండ్లతో నేను సూసినాను. భానుచందర్ ఏ తప్పూ సెయ్యలేదు."

లోపల బొమ్మలు వేస్తున్నవాళ్లు కలాలు ఆపి తలలెత్తారు. సమీవుల్లా ముఖం నల్లబడింది. ఆయన కూడా తెలుగులోకే దిగాడు.

"నిన్న నా ముందర నిలబడి ఆ పిల్లోడి పేరు సెప్పింది ఎవురు? నువ్వు కాదా?" కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సంతకం పెట్టేదానికి నువ్వొక్కదానివే లేవులే. రేపట్నించి నీకీడ పని లేదు."

ఆయన చెప్పుల చప్పుడు దూరమైంది. కొప్పెరలో కర్ర ఎప్పుడో ఆగిపోయింది. యశోదమ్మ మంట పక్కనుంచి చుట్టూ తిరిగి వచ్చి జైతున్‌బీ ఎదురుగా నిలబడింది.

"నా కొడుకు పేరు నువ్వు సెప్పినావా?"

"సెప్పినానక్కా. సూడకముందే సెప్పినాను."

"తొమ్మిదేండ్లు," అంది యశోదమ్మ.

"సాయంత్రం గ్రౌండుకి రా అక్కా. నేనుంటాను. నువ్వూ నీ కండ్లతో సూడు. నన్ను నమ్మాల్సిన పన్లేదు."

యశోదమ్మ కళ్లు జైతున్‌బీ ముఖంలో దేన్నో వెతుకుతూనే ఉన్నాయి. కొప్పెరలో గుడ్డలు అడుగంటి మాడు వాసన వస్తోంది. కర్ర అందుకోడానికి ఇద్దరిలో ఎవరూ వెళ్లలేదు.