తోర్‌గెర్డ్‌కి నాలుగు నిమిషాల ఆలస్యం

“ఒరేయ్ హల్వార్! మోకు పట్టుకోరా, వచ్చేస్తోంది!”

వీధి చివరి ఇంటి కిటికీలోంచి ఊలీనా ముసలమ్మ వేసిన కేక చేపల కొట్లు దాటి, ఖాళీగా ఉన్న చేపలు ఎండబెట్టే దడులు దాటి, తిన్నగా రేవులోకి వచ్చి పడింది. ఎనభై నిండినా ఆ గొంతుకి తుప్పు పట్టలేదు. సగం ఒళ్లు కిటికీ బయట పెట్టి చేతిలో గరిటె ఊపుతోంది. గురువారం, మధ్యాహ్నం పన్నెండూ పది.

“పట్టుకుంటున్నా పెద్దమ్మా!” అని అరిచి, తోలు చేతితొడుగులు లాక్కుంటూ హల్వార్ కొట్లోంచి బయటికొచ్చాడు.

స్కార్వోయ్ దీవి రేవుకి స్టీమరు గుమాస్తా అతనే. ఎక్కేవాళ్ల పేర్లు పుస్తకంలో రాసేదీ, ఉత్తరాల సంచీ అందుకునేదీ, ఓడ విసిరిన మోకుని ఇనప గుంజకి తగిలించేదీ అన్నీ అతనే. నలభై ఏడేళ్ల మనిషి. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదో దీవిలో అందరికీ తెలుసు, అతను మాత్రం తన నోటితో ఎప్పుడూ చెప్పలేదు.

రేవు మీద జనం అలవాటుగా సర్దుకున్నారు. ఓడపలక దిగే చోట అడ్డంగా ఉన్న రెండు పీపాల్ని ఎవరో పక్కకి దొర్లించారు. నీళ్లు ఉబ్బి రేవు గుంజల్ని కొట్టాయి. బొగ్గుపొగ వాసన వచ్చింది, దాని వెనకే మరిగిన కాఫీ వాసన. సీగల్ పిట్టలు పది పన్నెండు వచ్చి గాలిలో, ఏమీ లేనిచోట, కమ్మీ మీద వాలినట్టు వరసగా వాలాయి. ఉత్త ఆకాశంలోంచి తడి మోకు ఒకటి విసురుగా వచ్చింది. హల్వార్ దాన్ని పట్టి గుంజకి తగిలించాడు. మోకు బిగుసుకుంది. గుంజ మూలిగింది.

తోర్‌గెర్డ్ వచ్చింది.

అది మునిగిపోయి పదకొండేళ్లయింది. యుద్ధంలో, నలభై ఒకటో సంవత్సరం అక్టోబరులో, ఈ రేవులోంచే బయల్దేరిన గంటకి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన హెస్ట్‌నెస్ కొమ్ము దగ్గర నీళ్ల కిందనుంచి వచ్చిన టార్పెడో దెబ్బ తింది. ఆరు నిమిషాల్లో ముక్కుతో సహా మునిగింది. అయినా ప్రతి గురువారం వస్తుంది. వేళకి వస్తుంది గానీ వేళకి పోదు. పన్నెండూ ఇరవైకి కదలాల్సింది పన్నెండూ ఇరవై నాలుగుకి కదుల్తుంది. మా వాళ్లు దాన్నిబట్టే గోడ గడియారాలు దిద్దుకుంటారు.

బతికిన రోజుల్లో అదెంత మంచి ఓడో చెప్పాలి. నలభై అయిదేళ్లు ఈ తీరం వెంబడి తిరిగింది. పెళ్లికూతుళ్లని తెచ్చింది, దూడల్ని తెచ్చింది, చర్చి గంటని తెచ్చింది, పళ్లు పీకే డాక్టరుని ఏడాదికి రెండుసార్లు తెచ్చింది. ఓసారి ఆడవాళ్ల గదిలో ఒకావిడ పురుడు పోసుకుంటే, బిడ్డ ఏడుపు వినేదాకా కెప్టెను కూత వెయ్యనివ్వలేదట. దీవిలో పుట్టిన ప్రతి మనిషీ దాని మెట్ల మీద ఒక్కసారైనా కక్కుకుని ఉంటాడు. అలాంటి ఓడ కళ్లకి కనపడ్డం మానేసింది కదా అని రావడం మానేస్తుందా ఏమిటి?

“కెప్టెను కాఫీ ఇంకా తాగలేదురా,” అన్నాడు మోన్స్, పీపా మీద కూర్చుని. ఆయన పీపాలు చేసి చేసి రిటైరయిన ముసలాయన. ప్రతి గురువారం ఇదే హాస్యం. “నాలుగు నిమిషాలు ఆలస్యమంటే రెండు కప్పులు.”

హల్వార్ నవ్వలేదు. ఆ నాలుగు నిమిషాలూ ఎవరివో దీవి మొత్తం మీద అతనొక్కడికే తెలుసు.

అప్పుడే ఆస్లౌగ్ వచ్చింది, గోధుమరంగు పెట్టె మోసుకుంటూ. ఊలీనా కోడలు ఆమె. పెట్టెని పలకల మీద దబ్బున దించింది.

“నాలుగింటి ఓడకి నా పేరు రాయి, హల్వార్.”

“ఎక్కడికి?”

“బోదో. ఆస్పత్రి వంటింట్లో పని దొరికింది.”

“తిరిగెప్పుడు?”

“తిరిగి రావడానికి పెట్టె నిండా బట్టలు సర్దుకుంటారటయ్యా ఎవరైనా?”

మోన్స్ పైపు నోట్లోంచి తీశాడు. “మీ అత్తకి చెప్పావా అమ్మాయ్?”

“చెప్పాను. ‘ఇదార్ వచ్చి నువ్వెక్కడని అడిగితే ఏం చెప్పను?’ అంది. ఇవాళా మూడు కంచాలు పెట్టింది బాబాయ్. గురువారం గురువారం మూడు కంచాలు. ఓడ వెళ్లిపోయిందాకా ఎవరూ కూర్చోకూడదు. ఆయన దిగొచ్చేసరికి మనం మూతులు తుడుచుకుంటూ ఉంటే బాగుండదట. చేప చల్లారి రాయవుతుంది. పదకొండేళ్లుగా వేడి చేప మొహం చూడలేదు నేను.”

ఇదార్ ఆమె మొగుడు. ఆ అక్టోబరులోనే మాయమయ్యాడు. రేడియోలు అప్పగించమని దేశాన్ని ఆక్రమించిన సైన్యం హుకుం వేసిన నెల అది. ఇదార్ తన రేడియోని బంగాళాదుంపల గుంటలో దాచాడు. ఎవరో చెప్పేశారు. సైనికులు ఇంటికొచ్చేసరికి మనిషి లేడు. పడవెక్కి పడమటి సముద్రం దాటి షెట్లాండ్ దీవులకి పోయాడని కొందరు, అక్కడ ఇంకో ఆవిడతో కాపురం పెట్టాడని కొందరు. తోర్‌గెర్డ్‌తో పోయినవాళ్ల పేర్లు చర్చి ముందు రాతి మీద చెక్కారు. అందులో ఇదార్ పేరు లేదు. “రాతి మీద లేడంటే బతికున్నట్టేగా,” అంటుంది ఊలీనా. పాస్టరు గారూ దాదాపు అదే అన్నారు, మర్యాదగా. అటు విధవా కాదు, ఇటు పెళ్లామూ కాదు. ఆస్లౌగ్‌కి నలభై దాటాయి.

హల్వార్ కొట్లోకెళ్లి పుస్తకం తెచ్చాడు. పెన్ను తీశాడు. రాయలేదు.

“ఏం, నా పేరు మర్చిపోయావా?” అంది ఆస్లౌగ్. తర్వాత గొంతు తగ్గించింది. “ఏడేళ్లుగా ప్రతి గురువారం మా ఇంట్లో కాఫీ తాగుతున్నావు. కప్పు చుట్టూ వేలు తిప్పుతావు, నోరు తెరుస్తావు, చక్కెర అడుగుతావు. ఇంకెన్నాళ్లు కూర్చోమంటావు నన్ను, నువ్వు చక్కెర అడగడం వినడానికి?”

పన్నెండూ ఇరవై అయింది. గాలిలోంచి కూత వినిపించింది, గొంతు తడిసినవాడి కూతలా. రేవు మీద మాటలు ఆగిపోయాయి. ఎప్పుడూ ఇంతే, ఈ నాలుగు నిమిషాలూ ఎవరికీ మాట పెగలదు. కుక్కలు సైతం పడుకుని చూస్తాయి.

మా తీరంలో ఓ పద్ధతుంది. ఓడ కదిలేముందు గుమాస్తా చెయ్యెత్తి ‘ఇంకెవరూ లేరు, పోవచ్చు!’ అని కేకెయ్యాలి. ఆ కేక చెవిన పడితేనే కెప్టెను ఓడ కదుపుతాడు. తోర్‌గెర్డ్‌కి మాత్రం హల్వార్ ఏనాడూ ఆ కేక వెయ్యలేదు. ఇరవై నాలుగుకి మోకు ఎత్తేసి ఊరుకుంటాడు. మునిగిన ఓడకి కేకెందుకులే అనుకునేవారు జనం.

ఇవాళ అతను పుస్తకం చంకలో పెట్టుకుని, రెండు చేతులూ మోకు మీద వేశాడు.

“ఇది ఎవరికోసం ఆగిందో నాకు తెలుసు,” అన్నాడు.

ఆస్లౌగ్ తలెత్తింది.

“ఆ రోజు మంచుతో కలిసిన వాన. రేవులో పిట్ట లేదు. కాపలా సైనికుడు చలి కాగడానికి పోయాడు. పలక ఎత్తేస్తున్నారు. నేను కేకెయ్యబోతున్నా. అప్పుడు వచ్చాడు, పరిగెత్తుకుంటూ, చంకలో మీ అత్త పూలు గీసిన చెక్క తిండిపెట్టె పెట్టుకుని. ‘ఆగండి, ఇంకొకడున్నాడు!’ అని నేనే అరిచాను. నేనే ఆపాను. పలక మళ్లీ దింపించాను. నాలుగు నిమిషాలు. పెట్టె జారి కిందపడితే వెనకనుంచి నేనే అందించాను.”

“ఎవరు?” అంది ఆస్లౌగ్. తెలిసే అడిగింది.

“ఇదార్. ప్రయాణం చీటీ లేదు. పేరు రాస్తే సాయంత్రానికి సైనికులు చూస్తారని రాయలేదు. ఇంతలో కాపలావాడి బూట్ల చప్పుడు. కేకేస్తే వాడు ఓడ వెదకడానికి వస్తాడని కేకెయ్యలేదు. మోకు ఎత్తేశాను. మోకు వదలడం చూసి ఓడ పోయింది.” హల్వార్ మోకు కేసి చూస్తూనే ఉన్నాడు. “నాలుగు నిమిషాలు ముందు పోయుంటే ఆ దెబ్బ వెనకాల ఉత్త నీళ్లకి తగిలేది. ప్రతి గురువారం లెక్కేస్తాను. ప్రతిసారీ అదే వస్తుంది.”

“నాకేమన్నా చెప్పమన్నాడా?”

“ఏమీ చెప్పొద్దన్నాడు. నీకు తెలియకపోతే నిన్ను కొట్టినా ఏం రాదన్నాడు. యుద్ధం అయిపోయాక చెప్పమన్నాడు.”

“యుద్ధం అయిపోయి ఏడేళ్లయింది, హల్వార్.”

“తెలుసు.”

“మరి?”

“అప్పటికి నేను మీ ఇంటికి కాఫీకి రావడం మొదలెట్టాను. నీ మొగుడు చచ్చిపోయాడని నేను చెబితే, అది నా కోసం చెప్పినట్టుండదా? అందులో చంపింది కూడా నేనే అయితే?”

ఆస్లౌగ్ కొట్టలేదు, ఏడవలేదు. పుస్తకం అతని చంకలోంచి లాక్కుని, దాన్నే అతని గుండెకేసి ఒక్క తోపు తోసింది. “రాయి,” అంది. “నా పేరు కాదు. ఆయన పేరు. ఆ రోజు పుస్తకం తీసి రాయి.”

ఆ ఏడాది పుస్తకం కొట్లో సొరుగు అడుగున ఉంది. హల్వార్ పరిగెత్తి తెచ్చాడు. ఆ గురువారం కింద బడి పంతులమ్మ పేరొక్కటే ఉంది, దాని కింద ఖాళీ గీత. మోన్స్ వంగి తన వీపు బల్లగా ఇచ్చాడు. ఆ వీపు మీద పెట్టి, చలికి బిగిసిన వేళ్లతో హల్వార్ రాశాడు: ఇదార్, ఊలీనా కొడుకు, ఆస్లౌగ్ భర్త. తర్వాత గుంజ దగ్గరికెళ్లి మోకు ఎత్తి చేత్తో పట్టుకున్నాడు. ఇంకో చెయ్యి పైకెత్తాడు.

“ఇదార్ ఎక్కాడు!” అని అరిచాడు. ఊపిరి పీల్చుకుని మళ్లీ అరిచాడు. “ఇంకెవరూ లేరు! పోవచ్చు!”

మోకు చేతిలో తేలికైంది. జారింది. చివర నీళ్లలో పడ్డ చప్పుడు కూడా లేకుండా గాలిలోకి పోయింది. సీగల్ పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి, ఇక కూర్చోడానికి ఏమీ లేనట్టు. నీళ్లు వెనక్కి తగ్గాయి. మోన్స్ జేబు గడియారం తీసి చూశాడు.

“పన్నెండూ ఇరవై మూడు,” అన్నాడు. “ఒక నిమిషం ముందే పోయింది.”

ఆ రోజు దీవిలో సగం గడియారాలు తప్పు చూపించాయి, అది వేరే సంగతి.

పలక దిగే చోట, తడి చెక్కల మీద, ఒక చెక్కపెట్టె ఉంది. మూత మీద ఎర్రపూలు, రంగు కాస్త వెలిసింది. పెట్టె ఒంటి మీద చుక్క నీరు లేదు. ఎవరూ ముట్టుకోలేదు. ఆస్లౌగ్ తీసుకుంది. హల్వార్ ఆమె బట్టల పెట్టె తీసుకున్నాడు, అక్కడ వదిలెయ్యడం బాగుండదని. మోన్స్‌ని ఎవరూ పిలవలేదు, అయినా వెనకే నడిచాడు.

ఊలీనా గుమ్మంలో నిలబడి ఉంది. గరిటె ఇంకా చేతిలోనే ఉంది. చెక్కపెట్టె చూసింది. రెండు చేతులా అందుకుని గుండెకి ఆనించుకుంది.

“విన్నాను,” అంది. “నా చెవులకేం రోగం? నువ్వు కేకేస్తే కొండకి తగిలి తిరిగొచ్చింది.” కాసేపు పూల మీద బొటనవేలు తిప్పింది. “ఆలస్యంగా వచ్చాడా వాడు?”

“ఆలస్యంగానే వచ్చాడు, పెద్దమ్మా.”

“వాడంతే. కడుపులోంచి రావడానికే పది రోజులు ఆలస్యం చేశాడు వెధవ.” ముసలామె పెట్టెని ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది. “వాడికోసం అంత పెద్ద ఓడని ఆపావా నువ్వు?”

“ఆపాను.”

“నేనక్కడుంటే నేనూ ఆపేదాన్నే,” అంది ఊలీనా. “ఏ తల్లయినా ఆపుతుంది. కానీ ఏడేళ్లు నా ఇంట్లో కాఫీ తాగి మాట్లాడకుండా పోయావే, దానికి మాత్రం నీ చెవి మెలెయ్యాలి. వంగు.”

హల్వార్ వంగాడు. నలభై ఏడేళ్ల వాడి చెవిని ఎనభై ఏళ్ల ఆమె గట్టిగా మెలేసింది. వదల్లేదు చాలాసేపు. ఆ చెవి పట్టుకునే ఏడ్చింది.

మా దీవిలో తిండి పెట్టె ఒకరింట్లోంచి ఇంకొకరింటికి పోతే ఖాళీగా తిరిగి రాకూడదు. గుడ్డో, గుప్పెడు ఎండుపళ్లో, ఏదో ఒకటి వేసి పంపాలి. ఇదార్‌కి చిన్నప్పట్నించీ ఆ పట్టింపు ఎక్కువ. ఊలీనా బల్ల మీద పెట్టి మూత తీసింది. శుభ్రంగా కడిగిన పెట్టె. అందులో ఓడ వంటింటి రొట్టె ఒకటి, యుద్ధం నాటి నల్లటి ముతక పిండిది. ఇంకా వేడిగా ఉంది. మూతకి ఆవిరి పట్టింది.

ఆస్లౌగ్ వెళ్లి కాడ్ చేప కుండ తెచ్చింది. గరిటె పెట్టి చూసింది. చేప ఇంకా పొగలు కక్కుతోంది.

ఊలీనా రొట్టెని నాలుగు ముక్కలు కోసింది. అలమర తీసి నాలుగో కంచం బయట పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఇంట్లో కుర్చీలు మూడే అని. ఒకటి ఊలీనాది, ఒకటి ఆస్లౌగ్‌ది, కిటికీ వైపుది ఇదార్‌ది. పదకొండేళ్లుగా దాన్ని తుడిచారే గానీ దాని మీద ఎవరూ కూర్చోలేదు. కాఫీకి వచ్చిన ప్రతిసారీ హల్వార్ పొయ్యి పక్క కట్టెల పెట్టె మీద కూర్చునేవాడు.

ముసలామె గరిటెతో ఆ కుర్చీ చూపించింది. “ఏం, చర్చి గంట కొట్టి పిలవాలా? కూర్చో.”

హల్వార్ ఆస్లౌగ్ కేసి చూశాడు. ఆమె అతనికేసి చూడలేదు, బంగాళాదుంపల గిన్నె అతని కంచం పక్కన పెట్టింది. అతను మెల్లిగా కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది.

“మరి నేనో?” అన్నాడు మోన్స్. అటూ ఇటూ చూసి, గుమ్మం దగ్గరున్న గోధుమరంగు పెట్టెని బల్ల దగ్గరికి ఈడ్చుకుని, దాని మీద బరువుగా చతికిలబడ్డాడు. పెట్టె తాళం టప్పుమంది. “చూడమ్మాయ్, ఇది గానీ లాగావంటే నేను కింద పడతాను. నాలుగింటి ఓడకి ఇది కావాలా నీకు?”

ఆస్లౌగ్ కరిగిన వెన్న ఆయన చేప మీద పోసింది. తన కుర్చీ లాక్కుని కూర్చుంది.

“తిను బాబాయ్,” అంది. “చల్లారిపోతుంది.”