జువ్వలదిన్నెకు పాసు

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం, నీళ్ళు ముక్కులోకి పోవడం. పాముకు భయపడను, చీకటికి భయపడను, మా అత్తగారికి కూడా ఇప్పుడు అంతగా భయపడను. కానీ నెత్తిమీద చెంబెడు నీళ్ళు ఒక్కసారిగా పడితే ఈనాటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది.

మాది నాయుడుపేట. నేను చదివిన బడి స్వర్ణముఖి అవతలి ఒడ్డున ఉండేది. వేసవిలో ఇసుక మీద నడిచిపోయేవాళ్ళం. ఐదో తరగతిలో ఉండగా ఒక నవంబరులో, మోకాలి లోతు ఏరు దాటుతూ కాలు జారి పడ్డాను. ఎవరో జడ పట్టుకుని లాగారు. ప్రాణానికేమీ కాలేదు గానీ ముక్కులోనూ గొంతులోనూ రేగిన ఆ మంటను నేను మరిచిపోలేదు. మరునాడు ఏటి ఒడ్డుదాకా వెళ్ళి, ఏడ్చి, వెనక్కి వచ్చేశాను. ఆ మరునాడూ అంతే. నా చదువు అక్కడితో సరి.

పెళ్ళయి బిట్రగుంట వచ్చాక ఆ భయమే ఇంకోదారిన అడ్డం వచ్చింది. మా పుట్టింటి సంఘంలో పసిబిడ్డలకే నెత్తిన నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. మా అత్తగారి సంఘంలో అది చెల్లదు. పెద్దయ్యాక, తెలిసి, నిండా మునగాలి. మునగనివాళ్ళకు ప్రభువు బల్లలో, అంటే రొట్టె పంచుకునే ఆరాధనలో, చోటు లేదు. ఏడేళ్ళపాటు ప్రతినెలా మొదటి ఆదివారం నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. రొట్టె పళ్ళెం నన్ను దాటి మా అత్తగారు రెబెక్కమ్మగారి చేతికి పోయేది. మా పాస్టరు జకరయ్య అయ్యగారు అడిగినప్పుడల్లా ‘వచ్చే ఏడు అయ్యగారూ’ అనేదాన్ని.

1962లో మా నవోమికి ఆరేళ్ళు. ఏప్రిల్ నెల మొదటి ఆదివారం పళ్ళెం నన్ను దాటిపోగానే అది మందిరమంతా వినబడేట్టు అడిగింది.

“అమ్మా, నువ్వేం తప్పు చేసినావు? నీకెందుకు పెట్టరు?”

వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకున్నారు. నేను దాన్ని ఒళ్ళోకి లాక్కుని నోరు మూశాను.

ఆ వారమే మా ఆయన ఆనందబాబు పాసు ఫారం తెచ్చారు. ఆయన ఇంజన్ల షెడ్డులో ఫిట్టరు. ఏడాదికోసారి ఆ పాసు మీద ఇంటిల్లిపాదీ టిక్కెట్టు లేకుండా రైల్లో ఎంత దూరమైనా పోయిరావచ్చు. ఏ ఊరికో ఫారంలో రాసిస్తే చాలు. ఆయన పెన్సిలు చెవిమీద పెట్టుకుని చాపమీద కూర్చున్నారు.

“బెంగుళూరు రాస్తా. చల్లగా ఉంటుంది,” అన్నారు.

“చల్లగా ఉండేదానికి అంత దూరం పోవాల్నా? కుండలో నీళ్ళు తాగరా,” అన్నారు అత్తగారు. “మదరాసు రాయి. మీ చిన్నమ్మ ఎన్నాళ్ళనుంచో రమ్మంటా ఉండాది.”

“పోయినసారి చిన్నమ్మ నన్ను కోళ్ళగూటి పక్కన పండబెట్టిందమ్మా.”

“కోళ్ళగూడు కాదురా, అది వరండా.”

“కోళ్ళు ఉండాయి కదా!”

“నేనొక ఊరు చెప్తాను. జువ్వలదిన్నె పోదాం,” అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు.

“ఆడికి రైలేదీ?” అన్నారాయన.

“లేదు. బండి కట్టించుకుని పోదాం.”

“దేశమంతా తిరిగిరండని పాసిస్తే, ఎద్దులబండెక్కి పది మైళ్ళు పోయొస్తామా? షెడ్డులో ఈ మాట చెప్తే నన్ను బతకనిస్తారా పుష్పా?”

“నవ్వుకోనీయండి. జూన్ మొదటి ఆదివారం నేను బాప్తిస్మం తీసుకుంటాను. ఆలోపల మునగడం నేర్చుకోవాలి. బెంగుళూరులో నాకెవరు నేర్పుతారు?”

అత్తగారి చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

“రేయ్, బండి ఎవరి దగ్గరుండాదో కనుక్కో పో,” అన్నారు కొడుకుతో.

జువ్వలదిన్నె సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. నేను ఆ ఊరు అనడానికి కారణం ముసలమ్మ. ముసలమ్మ అన్నది ఆమెకు పెట్టిన పేరే. ఇప్పుడు వయసు కూడా పేరుకు తగ్గట్టు వచ్చింది. వారానికి రెండుసార్లు ఎండుచేపల గంపతో మా క్వార్టర్లకు వచ్చేది. ఒకసారి నేను నవోమి నెత్తిన దోసిటితో కొంచెం కొంచెంగా నీళ్ళు చల్లుతుంటే చూసి, “ఏంది మే, నారుమడికి తడి పెడతా ఉండావా?” అంది. సంగతి చెప్పాను. “నా యింటికి రా. నాలుగు దినాల్లో నిన్ను చేపను చేసి పంపిస్తా,” అని గంప ఎత్తుకుంది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

మే నెలలో బయల్దేరాము. బకింగ్‌హాం కాలువ దగ్గర బండి దిగి పడవలో దాటి, ఇసుకలో నడిచి వెళ్ళాము. ముసలమ్మ కొడుకు చెంగయ్య కొత్తగా వేసుకున్న పాక మాకిచ్చాడు. మొదటిరోజు తెల్లవారగానే, మగవాళ్ళు తెప్పలు తోసుకుని వెళ్ళిపోయాక, ముసలమ్మ నన్ను అల వచ్చి తిరిగిపోయేచోట కూర్చోబెట్టింది. ఆరోజుకు అంతే. రెండోరోజు మొలలోతు.

“మీ అయ్యోరు ఎంతసేపు ముంచిపెడతాడు నిన్ను?” అని అడిగింది.

“ఒక్క క్షణమే అవ్వా.”

“ఒక్క చణమా! దానికా ఏడేళ్ళు ఏడస్తివి? అయినా తల తడిస్తే చాలదా మీ దేవునికి?”

“నాయుడుపేటలో చాలింది. బిట్రగుంటలో చాలదంట.”

ఆమె నడుం పట్టుకుని నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. ఆ నవ్వులో ఒక అల నా భుజాలదాకా వచ్చి పోయిన సంగతి పోయాక గానీ తెలియలేదు.

“ఇప్పుడు విను. నోరు మూసుకో. ముక్కుతో ఊఁ అను. ఊఁ అంటా మునుగు, ఊఁ అంటా లెయ్యి. నీ గాలి బయటికి వస్తా ఉండంగ నీళ్ళు యాడ దూరతాయి?”

మూడోరోజు ఊఁ అంటూనే మునిగాను. సగంలో గుండె చెదిరి ఊపిరి లోపలికి పీల్చాను. అదే మంట. ముసలమ్మ చెయ్యి రక్కి, విదిలించుకుని, ఇసుకలో పడుతూ లేస్తూ ఒడ్డుకు పరిగెత్తాను. మా ఆయన తువ్వాలు తీసుకుని ఎదురు వచ్చారు.

“చాలు పుష్పా. నిన్నెవరూ ఏమీ అనరు,” అన్నారు.

నవోమి నా తడి కొంగు పట్టుకుంది. “నీళ్ళు చెడ్డయి అమ్మా. నేనింక నీళ్ళ దగ్గరికి పోను. ఇంటికి పోదాం.”

దాని మొహం చూశాను. స్వర్ణముఖి ఒడ్డున పలక పట్టుకుని వెనక్కి తిరిగిన పిల్ల మొహం అది. ఇంకో నిమిషం అక్కడ నిలబడితే ఆ భయం దానికి నా చేతులతో నేనే ఇచ్చినట్టవుతుంది. తువ్వాలు ఆయన చేతికే ఇచ్చేసి వెనక్కి నడిచాను.

“వస్తివా? రక్కేదానికి ఇంకో చెయ్యి ఉండాది, తీసుకో,” అంది ముసలమ్మ.

“ఈసారి రక్కను. గట్టిగా పట్టుకో అవ్వా.”

ఆమె అలను చూడలేదు. తల ఓరగా పెట్టి, చప్పుడు విని, “ఇప్పుడు” అంది. మునిగాను. నా ఊఁ నా చెవుల్లోనే రైలింజను మాదిరి మోగింది. అల నామీదుగా వెళ్ళిపోయింది. లేచేసరికి ముక్కులో మంట లేదు. ఒడ్డున నవోమి గెంతుతోంది. ఐదోరోజుకు అది కూడా ముసలమ్మ చంకనెక్కి ఊఁ అంటూ తల ముంచింది.

జూన్ మొదటి ఆదివారం మందిరం వెనక సిమెంటు తొట్టిలో అయ్యగారు నన్ను ముంచారు. నీళ్ళమీద బుడగలు గలగలమన్నాయి. పైకి లేపాక కూడా నా ఊఁ ఆగలేదు.

“చాలామందిని ముంచినాను గానీ, నీళ్ళలో పాట పాడిన మనిషిని ఇప్పుడే చూడ్డం,” అన్నారాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ పూట రొట్టె పళ్ళెం మా అత్తగారే నా ముందు పట్టుకున్నారు. నేను తీసుకునేదాకా నవోమి నా చెయ్యిమీదనుంచి కళ్ళు తీయలేదు.

నిరుడు మా ఆయనకు బెజవాడ బదిలీ అయింది. బయల్దేరే ముందు ముసలమ్మ చూడవచ్చింది. నవోమి ఎదురుగా నిలబడ్డా పోల్చుకోలేదు. అది “అవ్వా” అన్నాకే బుగ్గలు తడిమింది. కంటి పొర సంగతి అప్పుడు తెలిసింది నాకు. ఆనాడు అలను చూడకుండా చప్పుడు ఎందుకు విన్నదో కూడా అప్పుడే తెలిసింది. ఆస్పత్రికి రమ్మంటే, “నాకు దోవ కాళ్ళకు తెలుసులే” అని వెళ్ళిపోయింది. చెంగయ్య పేర రెండు కార్డులు రాశాను. జవాబు లేదు. చెంగయ్యకు చదువు రాదు. చదివిపెట్టేవాళ్ళు దొరికారో లేదో.

ఇది చదివేవాళ్ళలో కావలి, బిట్రగుంట వైపు వాళ్ళు ఉంటే ఒక్క ఉపకారం చేయండి. జువ్వలదిన్నెలో తెప్పలు లాగేచోట చెంగయ్య తల్లి ముసలమ్మ అంటే ఎవరైనా చూపిస్తారు. వాకిట్లో నిలబడి గట్టిగా పిలవండి, గొంతుతోనే ఆమె మనిషిని పోల్చుకుంటుంది. చూపు ఎంత ఉందో, నీళ్ళలోకి దిగేటప్పుడు చెయ్యి పట్టుకునేవాళ్ళు పక్కన ఉన్నారో లేదో కనుక్కుని నాకొక కార్డుముక్క రాయండి.