సున్నా మీద ముల్లు

నేను ఒక స్టాప్‌వాచీని. గుండ్రటి ఉక్కు ఒళ్ళు, నెత్తిమీద ఒక మీట, లోపల చుట్టలు చుట్టుకున్న స్ప్రింగు, తెల్లటి ముఖం మీద సన్నటి నల్ల ముల్లు. ఇంతే నా సంసారం. టైమెంతయిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఎంతసేపయిందో మాత్రం చెబుతాను. నాకు అక్షరం ముక్క రాదు. అయినా కొన్నేళ్ళపాటు ఎవరికి చదవడం వచ్చో, ఎవరికి రాదో తేల్చింది నేనే. మనుషులు ఉద్యోగాలిచ్చే తీరు ఇలాగే ఉంటుంది.

నేను పుట్టింది చైనాలో, షాంఘైలోని ఒక ఫ్యాక్టరీలో. కంటికి భూతద్దం బిగించుకున్న ఆడవాళ్ళు నా పళ్ళచక్రాలు ఒక్కొక్కటే పేర్చారు. అంతా అయ్యాక ఒకావిడ నన్ను చెవి దగ్గర పెట్టుకుని, "దీని గొంతు కాస్త పెద్దదే" అంది. పక్కావిడ తల ఎత్తకుండానే, "పరుగుపందేల వాళ్ళకి పంపేయ్. వాళ్ళకి ఆ కేకల్లో వినబడాలి" అంది. నా తలరాత ఆ రెండు మాటల్లో అయిపోయింది.

ఎక్కడో కొండల నడుమ ఉన్న ఒక టీచర్ ట్రైనింగ్ కాలేజీకి నన్ను పంపారు. అక్కడ పరుగులు నేర్పే ఫెంగ్ నా మొదటి యజమాని. అందరూ ఆయన్ని 'లావ్ ఫెంగ్' అనేవాళ్ళు. ముసలి ఫెంగ్ అని చనువుగా పిలవడం అన్నమాట. ఎర్రతాడు కట్టి నన్ను మెళ్ళో వేసుకునేవాడు. ఆయన దగ్గర వెల్లుల్లి వాసన, చెమట వాసన. పరుగులో ఏ పిల్లయినా కాలు జారి పడితే, ఆ పిల్ల లేచేదాకా నన్ను ఆపేసేవాడు. "ఏం లావ్ ఫెంగ్, ఇది లెక్కేనా?" అని తోటి మాస్టర్లు ఎకసెక్కం చేస్తే, "నేలది తప్పయితే పిల్లనెందుకు కొడతాను?" అనేవాడు. ఆగడం కూడా నా పనేనని అప్పుడే తెలిసింది. తర్వాత ఎవరికీ ఆ సంగతి గుర్తులేదు.

ఫెంగ్ రిటైరయ్యాక నన్ను ఇంగ్లీషు డిపార్టుమెంటు పట్టుకుపోయింది. అక్కడ పరీక్షల పెత్తనం గావ్ పేజెన్ అనే ఆవిడది. సన్నటి మనిషి, ఇస్త్రీ మడత నలగని కోటు, ఎప్పుడూ చల్లగా ఉండే అరచెయ్యి. పిల్లలు ఆమెను 'గావ్ లావోషీ' అనేవాళ్ళు. లావోషీ అంటే మన మేష్టారూ, పంతులమ్మా రెండూను.

ఆ కాలేజీలో ఒక రూలు. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే పరీక్ష నెగ్గితేనే పట్టా. అవకాశాలు మూడే. పరీక్షలో ఒక్కొక్క పాఠానికీ విడిగా గడువు. ముందు కాగితం మీద పాఠం, వెనక కాగితం మీద దాని ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగేసి జవాబులు. గావ్ నన్ను మైకు దగ్గర పట్టుకుని మీట నొక్కేది. టక్. హాలంతా ఒకేసారి కాగితాలు తిప్పేది. మళ్ళీ టక్ అంటే ఆ పాఠం బోర్లించెయ్యాలి. బోర్లించింది మళ్ళీ తెరవకూడదు. మైదానంలో నా చప్పుడుకి కాళ్ళు కదిలేవి, పిల్లలు నవ్వేవాళ్ళు. ఇక్కడ నా చప్పుడుకి మెడలు వంగేవి. అన్ని మెడలు ఒక్కసారిగా వంగడం చూస్తే నా స్ప్రింగు బిగుసుకుపోయేది.

గావ్‌ని చెడ్డమనిషని నేననను. సాయంత్రాలు ఊరికే క్లాసులు చెప్పేది. "పాఠం జోలికి పోకండి. అది టైం తినేస్తుంది. ప్రశ్నలే పాఠం చెబుతాయి. గట్టిగా 'ఎప్పుడూ' అనే జవాబు తప్పు. మెత్తగా 'కావచ్చు' అనే జవాబు ఒప్పు. మంచివాళ్ళ గురించి అడిగితే మంచి జవాబే పెట్టండి" అని నేర్పేది. కొండపల్లెల పిల్లలు తలలూపుతూ బట్టీ పట్టేవాళ్ళు. ఏటేటా నెగ్గేవాళ్ళు పెరిగారు. చుట్టుపక్కల కాలేజీల వాళ్ళు వచ్చి నన్ను కూడా చూసి వెళ్ళేవాళ్ళు.

ఆ తలలూపే వాళ్ళలో కలవని పిల్ల ఛియు యన్‌ఫెన్. పుట్టగొడుగులు పండించుకుని బతికే ఇంటి పిల్ల. పాఠాన్ని మొదటినుంచి చివరిదాకా చదివితేగాని ఆమెకు ప్రశ్న మీదికి చూపు పోదు. పెదాలు కదుపుతూ చదివేది. మంచి వాక్యం తగిలితే వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివేది. ఈలోపల నేను టక్‌మనేదాన్ని. రెండుసార్లు పరీక్ష పోయింది. తన ఊరి బడిలో టీచరు ఉద్యోగం ఆమె కోసం ఖాళీగా పెట్టి ఉంచారు. బడి తెరిచేలోగా పట్టా చేతికి రావాలి.

మూడోసారికి ముందు ఆమె గావ్ బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"ఇంకాస్త టైం ఇవ్వండి లావోషీ. నాకు అర్థమవుతుంది. ఆలస్యంగా అవుతుంది, అంతే."

"అర్థమవడం ఇంటికెళ్ళాక పెట్టుకో, ఛియు యన్‌ఫెన్" అంది గావ్. "ముందు నెగ్గు."

ఆ ఏడు పరీక్షకి ఒక పాఠం రాసింది పైడిరాజు. భీమిలి దగ్గర సముద్రం ఒడ్డు పల్లెవాడు, ఇంగ్లీషు చెప్పడానికి ఆ కాలేజీకి కాంట్రాక్టు మీద వచ్చాడు. పిల్లలు 'పై లావోషీ' అనేవాళ్ళు. తన మేనత్త పోలమ్మ సంగతి రాశాడు. ఆవిడ మొగుడు చేపల వేటకెళ్ళి తుపానులో పోయాడు. అయినా ఆవిడ రోజూ పొద్దుగూకగానే ఒడ్డున వెదురుగడకి లాంతరు కట్టేది. ఆ వెలుతురు చూసుకుని ఊరి పడవలన్నీ ఒడ్డు చేరేవి. ఆయన పడవ తప్ప. దాని మీద ప్రశ్నలు వేసింది గావ్. దీపం ఎక్కడ కట్టేది, ఏ నూనె పోసేది, పడవలు దారి ఎలా తెలుసుకునేవి, ఆవిడ ఎలాంటి మనిషి. మొగుడు ఏమయ్యాడో అడగలేదు.

పైడిరాజు తన పాఠాన్ని దిద్దుకుంటూ అచ్చుకి ఆలస్యంగా ఇచ్చాడు. ప్రెస్సులో దాని ప్రశ్నలతో సహా మిగతావన్నీ కుట్టేశారు, దాన్ని విడిగా అచ్చువేసి ఆ ప్రశ్నల ముందు పెట్టాలి. పెట్టడం మరిచిపోయారు. ఇంకెక్కడైనా ఎవరో ఒకరు విప్పి చూసేవాళ్ళు. కానీ ఆ కాలేజీలో ప్రశ్నపత్రం ప్రెస్సులోనే సీలు పడుతుంది. హాలులో పిల్లల ఎదుట విప్పేదాకా టీచర్లు కూడా ముట్టుకోకూడదు. పాఠం రాసినవాళ్ళు ఆ పూట హాలు ఛాయలకే రాకూడదు. దొంగతనం జరగకూడదని అంత కట్టుదిట్టం. కాపలా అంతా దొంగ కోసం, కాగితం ఉందో లేదో చూడ్డానికి ఒక్కరూ లేరు.

పరీక్ష రోజు వర్షం. గావ్ చేతిలో నేను. మిగతా పాఠాలన్నీ అయ్యాయి. ఆఖరిదానికి టక్‌మన్నాను. కాగితాలు తిరిగాయి. 'ముందు కాగితంలోని పాఠం చదివి జవాబులు గుర్తించండి' అని ఉంది. ముందు కాగితమే లేదు, తిన్నగా ప్రశ్నలే.

హాలు నిండా పిల్లలు. ఒక్కరి తల లేవలేదు. ఒక్కరు పక్కకి చూడలేదు. పెన్సిళ్ళు నల్లచుక్కలు దిద్దుతున్న గరగర తప్ప చప్పుడు లేదు. నేను చాలా హాళ్ళు చూశాను. మనుషుల నిశ్శబ్దానికి భయపడింది ఆ రోజే.

కిటికీ పక్కన ఒక చెయ్యి లేచింది. యన్‌ఫెన్.

గావ్ చప్పుడు కాకుండా నడిచి వెళ్ళింది. "ఏమిటి?"

"పాఠం లేదు లావోషీ."

గావ్ కాగితం తీసుకుంది. ముందుకి తిప్పింది, వెనక్కి తిప్పింది. పక్క పిల్ల కాగితం చూసింది. దాని పక్కది చూసింది. అప్పుడు ఆమె చల్లటి అరచెయ్యి చెమ్మగిల్లింది. ఆమె బొటనవేలు నా మీట మీదికి వచ్చింది. వేలి చివర నాడి నా నెత్తిమీద కొట్టుకుంటోంది. ఒక్క నొక్కు చాలు, నేను ఆగుతాను. ఆగితే హాలంతా తల ఎత్తుతుంది. ఎత్తాక, పాఠమే లేనప్పుడు ఇంతమంది ఇంతసేపూ దేనికి జవాబులు రాస్తున్నారని ఎవరో ఒకరు అడుగుతారు. ఈ ఏటి సంగతితో ఆగుతుందా ఆ ప్రశ్న? వెనకటి ఏళ్ళన్నిటి లెక్కా అడుగుతుంది.

లావ్ ఫెంగ్ వేలయితే నొక్కేసేది.

గావ్ వేలు పక్కకి జరిగింది. ఆమె వంగి, యన్‌ఫెన్ చెవిలో మెల్లగా అంది: "అందరూ రాస్తున్నారు. నువ్వూ రాయి."

యన్‌ఫెన్ రాయలేదు. పెన్సిలు బల్ల మీద పెట్టి, ప్రశ్నల పైనున్న ఖాళీ అంచు వైపే చూస్తూ కూర్చుంది, చూస్తూ ఉంటే అక్షరాలు పైకి తేలతాయన్నట్టు. నేను టక్‌మన్నాను.

ఫలితాలొచ్చాయి. ఆ హాలులో తప్పింది ఒక్క యన్‌ఫెన్.

ఆమె పైడిరాజు గదికి వెళ్ళి చెప్పింది. అక్కడ జరిగింది నేను తర్వాత ఆయన నోటే విన్నాను. ఆయన నమ్మలేదు. బయట వరండాలో క్లాసు లీడరు గువో, అతని స్నేహితులు నూడుల్స్ తింటున్నారు. పైడిరాజు వాళ్ళని పిలిచి అడిగాడు, "ఆఖరి పాఠం ఎలా ఉంది?"

"బాగుంది లావోషీ" అన్నాడు గువో. "అన్నిట్లోకీ అదే తేలిక."

"దేని గురించి?"

"ఒకావిడ ఒడ్డున దీపం పెడుతుంది. ఆ దీపం చూసి ఆవిడ భర్త క్షేమంగా తిరిగొస్తాడు."

పక్కనున్న అమ్మాయి తలూపింది. "చివర్లో ఇద్దరూ కలుసుకోవడం నాకు నచ్చింది."

వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే చదివామనుకుంటున్నారు. పైడిరాజు తెలుగులో గొణుక్కున్నాడు, "ఓరి నాయనో, ఏటిది? చచ్చిపోయినోడిని బతికించేసినారు."

తిన్నగా గావ్ గదికి వచ్చాడు. నేను బల్ల మీదే ఉన్నాను.

"మీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నారా?"

గావ్ ఆయనకి టీ పోసింది. "ఎవరికి చెబుతారో చెప్పండి పై లావోషీ. చెబితే ఆ హాలులో అందరి పట్టాలూ పోతాయి. ఆ పిల్లకి కొత్తగా ఒకటి వస్తుందా? వీళ్ళు కొండల్లోంచి దిగొచ్చినవాళ్ళు. అర్థమయ్యేదాకా ఆగితే ఇక్కడే ముసలివాళ్ళవుతారు. నేను వాళ్ళని గట్టు దాటిస్తున్నాను, అంతే."

పైడిరాజు టీ ముట్టుకోలేదు. ఆమే మళ్ళీ అంది, "అమ్మాయి ఒక్కదానికీ మళ్ళీ పెడదాం. అదే పాఠం, ఈసారి కాగితం ఉంటుంది. వచ్చే వారం. టైం మీరే చూడండి. తర్వాత ఇది ఎక్కడా మాట్లాడకూడదు." నన్ను ఆయన వైపు తోసింది.

ఆయన నన్ను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. నాకు తెలుగు అబ్బింది ఆ జేబులోనే. ఆ వారమంతా తనలో తను మాట్లాడుకుంటూనే తిరిగాడు. "ఏటి చేస్తాను? అందర్నీ ముంచీమంటావా?" అని గుండె మీదున్న నన్నే అడిగేవాడు.

ఆ రోజు అంత హాలులో ఒక్క పిల్ల. వెనక బెంచీ మీద గావ్. మైకు దగ్గర పైడిరాజు. యన్‌ఫెన్ దగ్గర ఈసారి రెండు కాగితాలూ ఉన్నాయి, ముందుదాని మీద పాఠం, వెనకదాని మీద ప్రశ్నలు.

ఆయన మీట నొక్కాడు. టక్. వెంటనే మైకుకి అరచెయ్యి అడ్డంపెట్టి ఇంకో రెండుసార్లు నొక్కాడు. మొదటి నొక్కుకి ఆగాను. రెండోదానికి నా ముల్లు సున్నాకి వచ్చి నిలబడింది. అప్పుడు అర్థమయింది నాకు ఆయన ఎత్తు. ఆ పిల్ల అడిగిన టైం ఇచ్చేస్తున్నాడు. ఎంత కావాలంటే అంత. సాయంత్రం దాకా చదువుకోమను, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకోమను, నేను టక్‌మనను. లావ్ ఫెంగ్ తర్వాత ఒక పిల్ల కోసం నన్ను ఆపిన మొదటి చెయ్యి అది.

యన్‌ఫెన్ పెదాలు కదులుతాయని చూశాను. కదల్లేదు.

పాఠం వైపు ఒక్కసారి కూడా చూడకుండా తిప్పేసి బోర్లించింది. ప్రశ్నల మీదికి వంగింది. పెన్సిలు ఆగకుండా కదిలింది. చుక్క, చుక్క, చుక్క. ఆ మెడ ఒంపు నాకు బాగా తెలుసు. పెన్సిలు పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా చప్పుడు కోసం ఎదురుచూసింది.

పైడిరాజు వేదిక మెట్లు దిగి ఆమె దగ్గరికి వచ్చాడు.

"చదివావా అమ్మా?"

"అయిపోయింది లావోషీ. గువో వారమంతా కూర్చోబెట్టి నేర్పాడు. అన్నీ వచ్చాయి." చాన్నాళ్ళకి ఆమె ముఖం తేటగా ఉంది.

"పోలమ్మ భర్త ఏమయ్యాడు?"

యన్‌ఫెన్ ఆయన్ని వింతగా చూసింది, ఇది కూడా అడగాలా అన్నట్టు.

"తిరిగొచ్చాడు కదా. దీపం చూసి."

వెనక బెంచీ మీంచి గావ్ లేచింది. "అభినందనలు, ఛియు యన్‌ఫెన్" అంది. నిజంగానే సంతోషించింది. పైడిరాజు నన్ను పిడికిట్లో బిగించాడు. నా ముల్లు సున్నా మీదే ఉంది.

కాంట్రాక్టు అయిపోయి ఆయన వచ్చేసేటప్పుడు గావ్ నన్ను ఆయనకే కానుకగా ఇచ్చేసింది. కాలేజీకి కొత్తగా అంకెలు వెలిగే గడియారాలు వచ్చాయి. ఇప్పుడు నేను భీమిలిలో, బల్ల సొరుగులో, పాత తాళంచెవుల మధ్య ఉంటున్నాను. మొన్న ఆయన ఏదో వెతుకుతూ సొరుగు తెరిచాడు. అంతలో ఫోను మోగింది. యన్‌ఫెన్ ఫోటో పంపింది, తన బడిలో తీసింది. ఆయన వేళ్ళతో దాన్ని పెద్దది చేసుకుని చూశాడు. వరసగా చిన్నపిల్లలు, అందరి మెడలూ వంగి ఉన్నాయి. ఎదురుగా నిలబడ్డ యన్‌ఫెన్ మెళ్ళో ఎర్రతాడు, తాడు చివర గుండ్రంగా ఏదో మెరుస్తోంది. ఆయన ఫోను ఆపేసి, నన్ను బోర్లించి, సొరుగు మూసేశాడు.

ఉప్పుగాలికి నా స్ప్రింగు తుప్పుపట్టింది. ఎవరు నొక్కినా కదలను. ఇప్పుడు నా దగ్గర ఎంత కావాలంటే అంత టైం ఉంది. ఇంకాస్త ఇవ్వండి లావోషీ అని అడిగే పిల్లే లేదు.