ఒంటి మంచం గది

ముందే ఒప్పేసుకుంటాను. నేను ఈ యూనివర్సిటీకి చదువు కోసం రాలేదు. నిద్ర కోసం వచ్చాను. సీటు వచ్చిందన్న మెయిల్‌లో నేను మొదట వెతికింది కోర్సు వివరాలు కాదు, "ఒక్కరికే గది" అన్న మాట. అది కనబడగానే ఆఫీసు బాత్రూంలోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. సంతోషంతోనే లెండి.

మొదటి రోజు మమ్మల్నందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి హాస్టల్ బతుకు ఎలా ఉంటుందో చెప్పారు. పక్కగది పాటలకి అలవాటు పడాలట. వాషింగ్ మెషీన్ దగ్గర వరస తప్పకూడదట. ఫ్రిజ్‌లో మన పాలమీద మన పేరు రాసుకున్నా ఎవరో తాగేస్తారట. మొదట్లో ఇంటిమీద బెంగగా ఉంటుందనీ, తర్వాత అదే సర్దుకుంటుందనీ కూడా చెప్పారు. అన్నీ నిజమే, బెంగ ఒక్కటే నా విషయంలో తిరగబడింది. నాకు ఇంటిమీద లేదు. ఇంటికే నామీద బెంగ.

పళ్ళు తోముకుంటుంటే అత్తగారు, "అమ్మాయ్, తువ్వాళ్ళు ఏ అరలో పెట్టావు?" క్లాసుకి నడుస్తుంటే మా ఆయన, "గ్యాస్ బుక్ చేశావా? ఫ్యాన్ బాగుచేసే అతను వస్తానన్నాడా?" వాళ్ళకీ నాకూ మధ్య ఒక రాత్రి ప్రయాణం. అయినా ఆ ఇంట్లో చెత్త తీసుకెళ్ళే మనిషి రాకపోతే నాకే ఫోన్, పాలు విరిగితే నాకే ఫోన్. మేం చదివే చదువులో దీన్ని రిమోట్ సపోర్ట్ అంటారు, జీతం ఇస్తారు. మా ఇంట్లో "నీ చేతిమీదుగా అయితేనే సవ్యంగా అవుతుంది" అంటారు. వినడానికి పొగడ్తలాగే ఉంటుంది. ఇక ల్యాబ్‌లో మా గైడు, "మీటింగ్‌కి టీ, బిస్కెట్లు నువ్వు చూసుకోమ్మా. పెళ్ళయినదానివి, నీకు అలవాటేగా" అన్నారు. నాతోపాటు చేరిన ఇద్దరబ్బాయిలకీ పెళ్ళయింది. వాళ్ళకేం అలవాటో ఆయన అడగలేదు. నేను కూడా నోరు మూసుకుని టీలు పోశాను.

అయినా సాయంత్రమయ్యేసరికి నా గది ఉంది కదా. ఒక బల్ల, ఒక కుర్చీ, సైకిల్ స్టాండు కనబడే కిటికీ, పక్కకి తిరిగితే గోడ తగిలే మంచం. ఇంట్లో మా పడగ్గదిలోనే అందరి బట్టల బీరువా ఉండేది. తెల్లారకముందే ఎవరో ఒకరు వచ్చి లైటు వేసేవాళ్ళు. "నువ్వు పడుకో, నీకోసం కాదులే" అనేవాళ్ళు. ఇక్కడ నేను వేస్తేనే లైటు. అందుకోసం ఎన్ని ఫోన్లయినా ఎత్తుతాననుకున్నాను.

మొన్న వార్డెన్ మేడం పిలిచారు. "శుభవార్త. మీకు ఫ్యామిలీ ఫ్లాట్ వచ్చింది. వచ్చే వారం మారిపోవచ్చు. నీ గది కోసం అవతల పిల్లలు కాచుకుని ఉన్నారు."

"నేను అడగలేదు మేడం."

"దరఖాస్తు నీ లాగిన్ నుంచే వచ్చిందమ్మా. సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పు. ఈ గది వదిలేస్తే మాత్రం మళ్ళీ దొరకదు."

నేను చదివేది నెట్‌వర్క్ భద్రత. నా పాస్‌వర్డ్ మా పెళ్ళిరోజు. అడ్మిషన్ అప్పుడు ఆయనే పెట్టాడు. మారిస్తే "నన్ను నమ్మవా" అంటాడని నేను మార్చలేదు. ఈ సంగతి ల్యాబ్‌లో తెలిస్తే నవ్వి చస్తారు.

మా ఆయనకి ఫోన్ చేశాను. "అప్పుడే చెప్పేసిందా ఆవిడ? సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నా" అన్నాడు. "నేనెలాగూ ఇంటినుంచే పని. అమ్మని తీసుకుని వచ్చేస్తా. నీకూ ఆ మెస్ తిండి తప్పుతుంది."

"వంట ఎవరు చేస్తారు?"

నిజంగానే అర్థం కానట్టు అడిగాడు. "అదేంటి, నువ్వుంటావుగా."

మా ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నా పుట్టింటివాళ్ళయినా నా వైపు మాట్లాడేవాళ్ళు. మంచివాడి మీద ఫిర్యాదుకి సాక్ష్యాలు దొరకవు. మా అమ్మకి చెబితే, "మొగుడు వెతుక్కుంటూ వస్తున్నాడంటే ఏడుస్తావేమిటే పిచ్చిమొహమా, ఎంతమందికి దక్కుతుంది ఈ అదృష్టం" అంది. గదికొచ్చి మంచమ్మీద కూర్చుని ఆ ఫ్లాట్‌ని ఊహించుకున్నాను. రెండు పడగ్గదులు. ఒకటి ఆయన ఆఫీసు, కాల్స్ ఉంటాయి కాబట్టి మాట్లాడకూడదు. ఇంకోటి మోకాళ్ళ నొప్పుల అత్తగారికి. నా థీసిస్ భోజనాల బల్లమీద ఉంటుంది. కంచాలు వచ్చినప్పుడల్లా లేచి నిలబడుతుంది, కొత్తకోడలిలాగా.

వార్డెన్ దగ్గరికి వెళ్ళాను. "ఫ్లాట్ వద్దు మేడం. ఈ గదిలోనే ఉంటాను."

"ఇంట్లో అడిగావా?"

"లేదు."

"రేపు వచ్చి నా దగ్గర ఏడవకూడదు మరి."

"ఏడవను" అన్నాను, ఏడుపుగొంతుతోనే. బయట వరండాలో నిలబడి పాస్‌వర్డ్ మార్చాను. కొత్తదేంటో మీక్కూడా చెప్పను. తర్వాత ఆయనకి ఫోన్ చేసి, ఫ్లాట్ వద్దన్నానని చెప్పాను.

"ఎవర్నడిగి?"

"ఎవర్నీ అడగలేదు."

"సామాను సగం కట్టేశాం ఇక్కడ. అమ్మకి నేను చెప్పలేను, నువ్వే చెప్పుకో." ఫోను ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. టీవీ పెట్టిన చప్పుడు వినబడింది.

జరిగింది చెప్పి, తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను. ఆవిడ తిట్టలేదు. టీవీ చప్పుడు మెల్లగా దూరమైంది. ఎక్కడికో నడుస్తున్నట్టున్నారు.

"ఆ గది నీ ఒక్కదానికేనా?" గొంతు తగ్గించి అడిగారు.

"అవునత్తయ్యా."

"లోపల గడియ ఉందా?"

"ఉంది."

"వేసుకుంటే ఎవరూ తలుపు కొట్టరా?"

"కొట్టరు."

నాలుగు గదుల ఇల్లు ఆవిడది. పెళ్ళయి వెళ్ళినప్పటినుంచీ నేను చూస్తున్నాను, ఆవిడ పడుకునేది హాల్లో దివాను మీద. అందరూ ఆవిణ్ణి దాటుకునే వంటింట్లోకి వెళ్తాం. ఎందుకక్కడ పడుకుంటారని నేనెప్పుడూ అడగలేదు.

"వాడొద్దు గానీ, నేనొక్కదాన్నే ఓ వారం రావచ్చా?"

"మంచం ఒకటే అత్తయ్యా."

"మంచం నాకెందుకమ్మా. నువ్వు క్లాసుకి పోయాక గడియ వేసుకుని కూర్చుంటా. ఊరికే."

ఆలోచించి చెబుతానన్నాను. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. ఆవిడ మాత్రం అప్పటినుంచీ ఏ డబ్బా ఎక్కడుందని అడగట్లేదు, నా జవాబు కోసం చూస్తున్నారు. ఎవర్నీ అడక్కుండా, భయపడుతూనే నిలబెట్టుకున్న గది ఇది. పంచుకోవాలని లేదు. రావద్దనడానికి నోరూ రావట్లేదు. మీకెప్పుడైనా ఇలాంటి గది దొరికిందా? దాని తలుపు ఇంకో ఆడది తడితే తీశారా? నాకు రాయండి. ఆవిడ ఆదివారం మళ్ళీ ఫోన్ చేస్తారు.